ముడినూనెయు శుద్ధినూనెయు: సుంకపుపట్టికలో రైతు చూడవలసిన రెండంకెలు



కొలది దినముల క్రిందట మన సంఘ సమావేశమునందు వృద్ధసభ్యుడొకరు లేచి యొక ప్రశ్న వేసిరి. "మేము గానుగలో ఆడించి, గుడ్డతో వడగట్టి, బిడ్డలకు అన్నములో కలిపి పెట్టు పల్లినూనెను సర్కారు కాగితములలో ముడినూనె యని వ్రాసినారట. ఓడలో వచ్చిన నూనెను సోడాతో కడిగి, మట్టితో తెలుపుచేసి, వాసన తీసివేసి, దానిని శుద్ధమైనదని యనుచున్నారట. అట్లయిన మా నూనె అశుద్ధమా?" యని వారి ప్రశ్న. కొందరు నవ్విరి. కాని యిది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము చెప్పబూనినచో దేశదేశములవారు నూనెలకు పేర్లుపెట్టి సుంకము విధించు పద్ధతి నంతయు వివరింపవలసి యుండును. ఆ పద్ధతి తెలిసినవానికి మన పొద్దుతిరుగుడు గింజల ధర యొక యేడు పెరిగి మరుసటి యేడు తగ్గుటకు గల కారణములలో ముఖ్యమైన దొకటి తెలిసినట్లే. కావున ఈ నెల ఆ సంగతినే విన్నవించుచున్నాము.

నూనెను గూర్చి మూడు ప్రశ్నలు

మన గ్రామములనుండి వరంగల్లు బాటను నగరమునకు వచ్చువారు ఉప్పల్ చేరి, అచటినుండి నాచారము వైపునకో తార్నాక వైపునకో మరలుదురు. మన తాతలనాడు ఉప్పల్, నాచారములు చెరువుల క్రింద సేద్యము సాగిన పల్లెలు, నేడవి పారిశ్రామికవాడలు. ఈ కొలది దూరములోనే నూనెను గూర్చి వేర్వేరు ప్రశ్నలు వేయు సంస్థలు రెండు కలవు.

ఉప్పల్ బాటమీద తార్నాక యొద్ద భారత రసాయన సాంకేతిక సంస్థ యున్నది. అది 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా వెలసి, 1956లో కేంద్రప్రభుత్వ పరిశోధన మండలి క్రిందికి వచ్చి, 1989లో ఇప్పటి పేరు దాల్చెను. గానుగను గూర్చి యొక గ్రంథమునే రచించిన నూనెల శాస్త్రజ్ఞుడు కె.టి. అచ్చయ్యగారు పెక్కేండ్లు పనిచేసిన దిచ్చటనే. తవుడునూనెలోని జిగురును ఎంజైముల సాయముతో తీయు పద్ధతిని ఈ సంస్థవారు సిద్ధపరచిరి. "నూనెను శుద్ధిచేయుట యెట్లు?" అనునది వీరి ప్రశ్న. నాచారములో రాష్ట్ర ఆహార ప్రయోగశాల కలదు. "ఈ నూనె తినదగినదా, కల్తీ పడినదా?" అనునది వారి ప్రశ్న.

మూడవ ప్రశ్న రేవులయొద్ద పుట్టును. కాకినాడ, కృష్ణపట్నము రేవులలో దిగు నూనెను జూచి కస్టమ్సు అధికారి వేయు ప్రశ్న వేరు: "దీని పేరేమి? పట్టికలో నేయంకె క్రింద దీనిని వ్రాయవలయును?" అని. నూనె మంచిదా, చెడ్డదా యని యతడు అడుగుట లేదు. ఈ భేదమును మనసున నుంచుకొనినచో తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును.

పేరును బట్టి పన్ను

సరకుమీద సుంకము మనకు క్రొత్త గాదు. నిజాము రాజ్యమున కరోడ్‌గిరి యని సుంకపుశాఖ యుండెడిది. 1802లో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన వాణిజ్యపు ఒడంబడిక ప్రకారము నూటికి 5 వంతులు సుంకముగ నిర్ణయింపబడెను. ఒకే వంతు విధించుచోట సరకు పేరునుగూర్చి తగవు తక్కువ. పేరు మారినచో పన్ను మారునట్టి కాలమున మాత్రము పేరే ధనము.

ఒక్కొక్క దేశము ఒక్కొక్క తీరున పేర్లు పెట్టుకొనినచో వర్తకము సాగదు గదా. అందుచేత నేడు ప్రపంచ కస్టమ్సు సంస్థ యని పిలువబడు సంస్థవారు బ్రసెల్సు నగరమునుండి సరకులకెల్ల నొక్క పట్టికను కూర్చిరి. అది 1988 జనవరి 1వ తేదీనుండి అంతర్జాతీయముగ అమలునకు వచ్చెను. మన దేశము 1975 నాటి కస్టమ్సు టారిఫ్ చట్టమును అంతకు ముందే, 1986లోనే, ఈ పద్ధతికి మార్చుకొనెను. నేడు రెండువందలకు పైబడిన దేశములును ఆర్థికప్రాంతములును ఈ పట్టికనే వాడుచున్నవి.

ఈ పట్టికలో 15వ అధ్యాయము కొవ్వులకును నూనెలకును కేటాయింపబడినది. అంకెను చదువు విధమిది. మొదటి రెండంకెలు అధ్యాయమును, తరువాతి రెండు నూనె జాతిని, ఆ పైని రెండు దాని స్థితిని తెలుపును. మన దేశమువారు తమ యవసరమునకు చివర మరి రెండు చేర్చుకొని మొత్తము ఎనిమిది చేసిరి. 1507 సోయానూనె; 1508 వేరుసెనగ నూనె; 1511 పామాయిలు; 1512 పొద్దుతిరుగుడు, కుసుమ, పత్తిగింజ నూనెలు; 1513 కొబ్బరినూనె మొదలగునవి; 1514 ఆవనూనె; 1515లో నువ్వులనూనె, ఆముదము, అవిసెనూనె మున్నగునవి. వనస్పతివలె ఉదజని పట్టించి గట్టిపరచినది 1516. వేర్వేరు నూనెలను కలిపిన తినదగు మిశ్రమము 1517.

ఇది రేవులయొద్ద మాత్రమే యుండు సంగతి యని తలపవలదు. 2017 జులైనుండి జి.యస్.టి. బిల్లులలోను ఈ పట్టిక యంకెలనే వాడుచున్నారు. మన సంఘపు నూనె బిల్లును తీసి చూడుడు, హెచ్.ఎస్.యన్. అను గడిలో ఈ నాలుగంకెలు కనబడును.

న్యాయస్థానములో నూనె

పేరు తగవు ఎంత దూరము పోవునో తెలియుటకు మన తెలుగు సీమనుండియే యొక యుదాహరణము చెప్పుదుము. కర్నూలులో తుంగభద్ర ఇండస్ట్రీసు అను కంపెనీవారు వేరుసెనగలు కొని, నూనె తీసి, శుద్ధిచేసి, కొంత భాగమును వనస్పతిగ మార్చి అమ్ముచుండిరి. నాటి అమ్మకపు పన్ను నియమముల ప్రకారము, వేరుసెనగ నూనె అమ్మువారికి తాము కొనిన వేరుసెనగల వెలను లెక్కలోనుండి తగ్గించుకొను హక్కు కలదు. శుద్ధిచేసిన నూనె వేరుసెనగ నూనెయే యని హైకోర్టు అంగీకరించెను; పేరుకొనిన వనస్పతి మాత్రము కాదనెను. 1960లో సుప్రీము కోర్టు ఆ తీర్పును త్రోసివేసి, గట్టిపడినంత మాత్రమున నూనె నూనె గాకపోదనియు, వనస్పతియు వేరుసెనగ నూనెయే యనియు నిర్ణయించెను.

మరి రెండేండ్లకు, 1962లో, ఢిల్లీ క్లాత్ మిల్సు వ్యాజ్యెమున అదే న్యాయస్థానము మరియొక మాట చెప్పెను. వనస్పతి చేయువారి కార్ఖానాలో ముడినూనెను కడిగి తెలుపుచేసిన పిమ్మట, వాసన తీయకమునుపు ఉండు నూనెను రిఫైండు నూనె యని ఎక్సైజు సుంకము వేయవచ్చునా యనునది ప్రశ్న. బజారులో రిఫైండు నూనె యని యెరిగినది వాసన తీసినదే కావున, నడిమి స్థితిలోని యా నూనెకు ఆ పేరు చెల్లదని తీర్పు వచ్చెను.

ఈ రెండు తీర్పులును తమతమ పన్నుల చట్టములకు సంబంధించినవి. నేటి సుంకపుపట్టిక వేరు గీతలు గీసినది. అందులో వనస్పతి వేరుసెనగ నూనెతో కూడ 1508లో నుండదు, 1516కు పోవును. ఒకే వస్తువునకు ఒక చట్టములో నొక పేరును మరియొక చట్టములో మరియొక పేరును ఉండవచ్చునని దీనివలన గ్రహింపవలయును.

ముడి యననేమి?

ఇక మన వృద్ధసభ్యుని ప్రశ్నకు వచ్చెదము. నూనెను శుద్ధిచేయు పనిలో సాధారణముగ నాలుగు మెట్లు కలవు. మొదట నీటితోనో ఆమ్లముతోనో జిగురు తీయుదురు. రెండవది, కాస్టిక్ సోడా కలిపి నూనెలోని పులుపును, అనగా విడి ఆమ్లములను, సబ్బుగ మార్చి వేరుచేయుదురు. మూడవది, రంగును పీల్చు మట్టిని కలిపి వడపోసి తెలుపుచేయుదురు. నాలుగవది, గాలి తీసివేసిన పాత్రలో మిక్కిలి వేడిమీద ఆవిరి పంపి వాసన తీయుదురు. పామాయిలు, తవుడునూనెల విషయమున రెండవ మెట్టునకు బదులు ఆవిరితోనే పులుపును తీయుటయు కలదు.

పట్టికకు ప్రపంచ కస్టమ్సు సంస్థవారు వ్రాసిన వివరణలలో ముడినూనెకు లక్షణము చెప్పబడినది. ఒత్తి తీసిన నూనెను నిలువయుంచి తేర్చినను, యంత్రమున త్రిప్పి మడ్డి వేరుచేసినను, వడగట్టినను అది ముడినూనెయే. బరువుచేతను, ఒత్తిడిచేతను, త్రిప్పుటచేతను మాత్రమే మడ్డి తీసియుండవలయును. రంగు పీల్చు పదార్థముతో వడపోసినను, భాగములుగ విడదీసినను, రసాయనక్రియ జరిపినను అది ముడినూనె కానేరదు. హెక్సేను వంటి ద్రావకముతో తీసిన నూనె, రంగు వాసన రుచులలో ఒత్తి తీసిన నూనెకంటె మారకున్నచో అదియు ముడిదే. సోయానూనె జిగురు తీసినను తీయకున్నను ముడినూనెయే యని పట్టికలోనే స్పష్టముగ నున్నది.

కావున గానుగ పల్లినూనె 1508 10 క్రిందికి వచ్చుట నింద గాదు. దానిమీద సోడా గాని, మట్టి గాని, ఆవిరి గాని ప్రయోగింపలేదని మాత్రమే ఆ మాటకు అర్థము. ద్రావకముతో తీసిన ముడినూనెయు అదే పేరు వహించును. కాని ఆహార నియమముల ప్రకారము దానిని శుద్ధిచేయక తినుటకు అమ్మరాదు. ఒకటి తినదగినది, ఒకటి తినరానిది. పట్టికలో రెండును ముడినూనెలే. తినదగినదో కాదో తేల్చుట నాచారపు ప్రయోగశాల వంటి వారి పని. పేరు తేల్చుట సుంకాధికారి పని.

మరియొక సూక్ష్మము. ఆరంకెల పట్టికలో ముడినూనెకు ఎదురుగ "శుద్ధినూనె" యని యుండదు. "ఇతరము" అని యుండును. అనగా, తెలుపుచేసి వాసన తీయని నూనె బజారులో రిఫైండు కాకున్నను పట్టికలో ముడిదియు కాదు. నువ్వులనూనెకును ఆముదమునకును ఆరంకెలవరకు ముడి, ఇతరము అను విభాగమే లేదు.

రెండంకెల లెక్క

ఇప్పుడు రైతు జేబునకు సంబంధించిన భాగము. మన దేశము వంటనూనెలలో సగమునకు పైగ విదేశములనుండియే తెప్పించుకొనుచున్నది. 2023-24 నూనె సంవత్సరమున వచ్చినది సుమారు 160 లక్షల టన్నులు. పామాయిలు ముఖ్యముగ ఇండొనేషియా, మలేషియాలనుండియు, సోయానూనె అర్జెంటీనా, బ్రెజిలునుండియు, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయినునుండియు వచ్చుచున్నది.

2024 సెప్టెంబరు 14వ తేదీన ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూలసుంకమును సున్ననుండి నూటికి 20కి పెంచిరి. శుద్ధిచేసిన వానిపై 12.5నుండి 32.5కు పెంచిరి. ముడినూనెపై వ్యవసాయ సెస్సు 5ను, రెంటిపైని సాంఘిక సంక్షేమ సర్‌చార్జిని కలిపినచో మొత్తము ముడిదానిపై 27.5, శుద్ధిదానిపై 35.75 అయ్యెను. 2025 మే నెల చివర ముడినూనెలపై మూలసుంకమును 20నుండి 10కి తగ్గించిరి. దానితో మొత్తము 16.5కు దిగెను, శుద్ధినూనెది 35.75గనే నిలిచెను.

ఇందు రెండంకెలను వేర్వేరుగ చూడవలయును. మొదటిది ముడినూనెమీది సుంకము. రెండవది ముడికిని శుద్ధికిని గల భేదము. 2024 సెప్టెంబరున మొదటిది 27.5, భేదము 8.25. 2025 మే చివర మొదటిది 16.5, భేదము 19.25.

భేదము పెరిగినచో ముడినూనెను తెప్పించి ఇచ్చట శుద్ధిచేయు కార్ఖానాకు మేలు. విదేశపు శుద్ధినూనె దానితో పోటీ పడజాలదు. యంత్రములు తిరుగును, కూలీలకు పని దొరకును. ఇండొనేషియా, మలేషియాలు తమ ముడినూనె బయటికి పోకుండ దానిపై ఎగుమతి సుంకము హెచ్చుగను, శుద్ధినూనెపై తక్కువగను వేయుచుండుటచేత ఇట్టి రక్షణ మన కార్ఖానాలకు అవసరమే. కాని ఆ రక్షణ రైతుకు రక్షణ యని భ్రమపడరాదు. రైతు గింజకు పోటీ వచ్చునది ముడినూనె. దానిమీది సుంకము తగ్గినచో కార్ఖానాదారు గింజ కొనుటకు బదులు రేవునుండి ముడినూనె తెప్పించుకొనును.

ఒక లెక్క వేసి చూతము. రేవున దిగిన ముడి పొద్దుతిరుగుడు నూనె కిలో 100 రూపాయలని ఉదాహరణకు అనుకొందము. 27.5 సుంకముతో అది 127 రూపాయల 50 పైసలు, 16.5 సుంకముతో 116 రూపాయల 50 పైసలు. భేదము కిలోకు 11 రూపాయలు. క్వింటాలు గింజలకు 35 కిలోల నూనె వచ్చునని లెక్కించినచో 385 రూపాయలు. 2025-26 సంవత్సరమునకు పొద్దుతిరుగుడు గింజల మద్దతుధర క్వింటాలుకు 7,721 రూపాయలు. అంతకుముందటి యేటికంటె 441 రూపాయలు హెచ్చు. అనగా ఒక చేత హెచ్చించినదానిలో చాలవరకు మరియొక చేత బజారులో తగ్గుటకు వీలు కలదు. ఈ 385 రూపాయలును రైతుమీదనే పడునని మేము చెప్పుట లేదు. చెక్కధర, ఆడింపు కూలి, కొనుగోలు కేంద్రము ఉండుట లేకుండుట, ఇవన్నియు లెక్కలోనివే. కాని బజారు ఏ దిక్కునకు మొగ్గునో దీనివలన తెలియును.

ఆయిల్‌పామ్ రైతుకు ఈ సంబంధము మరింత దగ్గర. అశ్వారావుపేట, అప్పారావుపేటలలో మిల్లులు నడుపు ఆయిల్‌ఫెడ్ మన వంటి రైతుల సహకార సమాఖ్యయే. అచట గెలల ధరను ముడి పామాయిలు ధరను, గెలలోనుండి వచ్చు నూనె వంతును బట్టి నిర్ణయింతురు. కావున 1511 10 అను నంకెయెదుట సుంకము మారినచో ఆ మార్పు గెల ధరలో కనబడక మానదు.

సుంకము తగ్గించుటకు కారణము లేకపోలేదు. నూనె ధర మండినప్పుడు పేదవాని వంటిల్లే ముందు నొచ్చును. మనలోను ఆరునెలలు నూనె కొని తినువారే పెక్కురు. మేము చెప్పునదెల్ల, ఎవరికి ఏది మేలో తెలిసి మాటాడవలయునని.

సుంకమునకు హద్దులును కలవు. ప్రపంచ వాణిజ్య ఒడంబడికలో మన దేశము సోయానూనెమీద నూటికి 45 మించి వేయనని మాట యిచ్చినది; పామాయిలు మున్నగు పెక్కు నూనెలకు హద్దు 300. పుట్టిన దేశమును బట్టియు సుంకము మారును. 2024 సెప్టెంబరు పెంపు పిమ్మట నేపాలునుండి శుద్ధి సోయానూనె సుంకము లేకయే విరివిగ వచ్చుటకు దక్షిణాసియా ఒడంబడికలోని మినహాయింపే కారణము.

సంఘములు చేయదగిన పనులు

మొదటిది. వినతిపత్రము వ్రాయునపుడు "నూనెమీద సుంకము పెంచుడు" అని వ్రాసిన చాలదు. శుద్ధినూనెమీద పెంచి, మా కోరిక తీర్చితిమని అధికారులు చెప్పవచ్చును. "1512 11 క్రింద వచ్చు ముడి పొద్దుతిరుగుడు నూనెమీద" అని అంకెతో వ్రాయవలయును. పంట బజారునకు వచ్చు నెలలలో తగ్గింపు వలదని కోరవలయును.

రెండవది. విదేశములలోని తెలుగువారికి గానుగనూనె పంపదలచిన సంఘములు పేరు విషయమున జాగ్రత్త వహింపవలయును. వడగట్టిన పల్లినూనెను సీసాలో పోసి ముద్ర వేసినంత మాత్రమున అది 1508 90 కాదు. రెండు నూనెలు కలిపినచో అది 1517కు పోవును. తప్పు పేరు వ్రాసినచో సరకు రేవులో నిలుచుటయే గాక జప్తునకును జరిమానాకును గురికావచ్చును. సందేహమున్నచో ఢిల్లీ, ముంబయిలలోని కస్టమ్సు ముందస్తు నిర్ణయాధికార సంస్థలను ముందుగనే అడిగి తెలిసికొను వీలు కలదు. 2008 మార్చిలో వంటనూనెల ఎగుమతి నిషేధింపబడి, పిమ్మట చిన్న పొట్లములకు మాత్రము అనుమతి దొరకి, 2018 ఏప్రిలులో ఆవనూనె తప్ప తక్కినవానికి పెద్ద మొత్తములలోను అనుమతి వచ్చినదని జ్ఞాపకముంచుకొనుడు. నియమము మారుచుండును, పంపునాటి ప్రకటనను చూచియే పంపవలయును. పైని చెప్పిన సుంకపు వంతులకును ఇదే హెచ్చరిక.

మూడవది. సంఘపు కార్యదర్శి కార్యాలయపు గోడమీద ఒక బల్ల తగిలించి, నువ్వులు, పల్లి, పొద్దుతిరుగుడు ధరల ప్రక్కనే ముడినూనె సుంకమును, శుద్ధినూనె సుంకమును, రెంటి భేదమును వ్రాయింపవలయును. మార్కెట్టు యార్డులో కాటా ముల్లును చూడక గింజలు తూచి యిచ్చు రైతు మనలో లేడు. ఈ రెండంకెలును కాటాముల్లు వంటివే. అది దూరమున, రేవునొద్ద నున్నది గనుక మనము చూచుట మానితిమి.

మన వృద్ధసభ్యునికి కడపట మా సమాధానమిది: అయ్యా, తమ నూనె అశుద్ధము గాదు. ముడి యను మాట నూనెకు జరిగిన పనిని చెప్పునే గాని గుణమును చెప్పదు. ఆ మాటకు నొచ్చుకొనవలదు. కాని ఆ మాటయెదుట వ్రాసిన అంకెను మాత్రము నెలనెలకు అడిగి తెలిసికొనుచుండుడు. తమ గింజ ధర దానిని అంటిపెట్టుకొనియే నడచుచున్నది.